“మహాకవి పుట్టిల్లు” అనవచ్చా?

ప్రశ్న: విజయనగరంలో గురజాడ అప్పారావు గారి ఇంటిని చూడబోయే పిల్లల కోసం నాలుగు పేజీల కరపత్రం తయారవుతోంది. ముఖపత్రం మీద ఒకరు “మహాకవి పుట్టిల్లు” అని రాశారు. ఇంకొకరు దాన్ని “జన్మగృహం” అని దిద్దారు. “స్వగృహం” అని మూడో సూచన వచ్చింది. ఏది ఉంచాలి? చివరి పేజీలో “స్వంత లాభం కొంత మానుకొని” చరణం వేస్తున్నాం. పాఠం సరిగ్గా ఉందో లేదో కూడా చూసి చెప్పగలరు.

జవాబు: మొదటి రెండూ ఆ ఇంటికి చెల్లవు. గురజాడ పుట్టింది 1862 సెప్టెంబరు 21న, ఎస్. రాయవరంలో, మేనమామ గారింట్లో. విజయనగరం ఆయన చదువుకుని, ఉద్యోగం చేసి, రచనలు చేసిన ఊరు. 1915 నవంబరు 30న కన్నుమూసిందీ అక్కడే. కాబట్టి “జన్మగృహం” అని వేస్తే తప్పు మాటలో కాదు, విషయంలోనే ఉంటుంది.

“పుట్టిల్లు” సంగతి వేరు. విడదీస్తే పుట్టిన ఇల్లే వస్తుంది గానీ వాడుకలో ఆ మాట ఆడవాళ్ళది. “పుట్టింటికి వెళ్ళింది” అంటే ఎవరో కోడలో, పెళ్ళయిన కూతురో అని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. దానికి జోడు మెట్టిల్లు. పెళ్ళయ్యాక అడుగు పెట్టిన ఇల్లు కదా. మగవాడికి మెట్టిల్లు లేదు, అందుకే పుట్టిల్లూ లేదు. ఇక అలంకారంగా “సంగీతానికి పుట్టిల్లు” అంటాం, అక్కడ అర్థం ఉద్భవించిన చోటు. “మహాకవి పుట్టిల్లు” చదివినవారికి ఈ రెండు అర్థాలూ అడ్డం వస్తాయి.

ఇక్కడ ఒక అందమైన మెలిక ఉంది. రాయవరంలోని ఆ ఇల్లు తల్లి కౌసల్యమ్మ గారికి పుట్టిల్లు, అప్పారావు గారికి పుట్టిన ఇల్లు. ఒక్క “న” తేడాతో తల్లీ కొడుకులిద్దరూ ఒకే గడప దగ్గర నిలబడతారు. తొలి కానుపులు అమ్మగారింట్లో జరిగే మన ఆనవాయితీ ఆ ఒక్క అక్షరంలో ఉంది. కరపత్రంలో రాయవరం ప్రస్తావన వస్తే ఈ వాక్యం తప్పక పెట్టండి, పిల్లలు మరిచిపోరు.

మరో జవాబు: “స్వగృహం” అనాలంటే ఇల్లు ఆయన సొంతమని కాగితం చూసి ఉండాలి. స్వ అంటే తనది. కవులు ఎందరో అద్దె ఇళ్ళలో, ఎవరో ఇచ్చిన ఇళ్ళలో ఉన్నారు. ఆ కాగితం మీ చేతిలో లేకపోతే “నివసించిన ఇల్లు” అనండి. అది ఎప్పుడూ తప్పు కాదు.

“గురజాడ వారి ఇల్లు” అని కూడా వద్దు. గురజాడ ఇంటిపేరు, పైగా కృష్ణా జిల్లాలో ఒక ఊరి పేరు. “వారి” చేరేసరికి మొత్తం కుటుంబానికి చెందిన ఇల్లనిపిస్తుంది. “గురజాడ అప్పారావు గారి ఇల్లు” అంటే ఒక మనిషి కనబడతాడు.

మరో జవాబు: పక్క భాషలు ఈ చిక్కును ఎలా దాటాయో చూడండి. కన్నడ కవి కువెంపు 1904లో పుట్టింది తల్లి ఊరు హిరేకొడిగెలో, పెరిగింది కుప్పళిలో. సందర్శకులు వెళ్ళే ఇల్లు కుప్పళిది. దాన్ని “కవిమనె” అన్నారు, అంటే కవి ఇల్లు. పుట్టుక ఊసే ఎత్తలేదు. మన పుట్టిల్లుకు కన్నడంలో “తవరుమనె” అనే మాట ఉన్నా దాని జోలికి పోలేదు. ఆ “మనె”కీ మన “మనికి”కీ మూలం ఒకటే, మను అంటే బతకడం. తమిళంలో కవి భారతి చివరి రోజుల్లో ఉన్న చెన్నై తిరువల్లిక్కేణి ఇంటిని “భారతియార్ ఇల్లం” అంటారు. ఇల్లం మన ఇల్లే. ఆయన పుట్టిన ఎట్టయపురం ఇల్లు వేరుగా ఉంది. ఠాకూరు మాత్రం 1861లో కలకత్తా జొరాసాంకో ఇంట్లోనే పుట్టి 1941లో అదే ఇంట్లో పోయారు. అలాంటి చోట “పుట్టిన ఇల్లు” నిక్షేపంగా వాడొచ్చు.

మనకూ “కవి ఇల్లు” చాలు. కలిపి రాయాలంటే యడాగమంతో కవియిల్లు అవుతుంది. విడిగా రాస్తేనే పిల్లలకు సులువు.

మరో జవాబు: ఇక చరణం. మీ పాఠంలో రెండు తప్పులున్నాయి, “స్వంత”, “మానుకొని”. ఇలా ఉండాలి:

సొంత లాభం కొంత మానుకు
పొరుగువాడికి తోడుపడవోయ్
దేశమంటే మట్టి కాదోయ్
దేశమంటే మనుషులోయ్

ఇది ముత్యాలసరం, మాత్రల లెక్కతో నడిచే ఛందస్సు. ఒక్కో పాదం తకిట తకధిమి తకిట తకధిమి, అంటే 3, 4, 3, 4, మొత్తం 14 మాత్రలు. నాలుగో పాదం మాత్రం పొట్టిది, ఇక్కడ 12. లఘువు ఒక మాత్ర, గురువు రెండు. మొదటి పాదం కొలవండి: సొంత 3, లాభం 4, కొంత 3, మానుకు 4. ఇప్పుడు “మానుకొని” పెట్టండి: మా రెండు, ను, కొ, ని ఒక్కొక్కటి, కలిపి 5. చప్పట్లు కొడుతూ చదివితే “ని” దగ్గర చెయ్యి తడబడుతుంది. “మట్టి కాదు” అని రాసినా అంతే, కాదు 3 మాత్రలే, ఒకటి తక్కువ. కాదోయ్ అంటేనే 4.

అన్ని తప్పులూ లెక్కకు దొరకవు. “స్వంత” కూడా 3 మాత్రలే, “పొరుగువారికి”లో వారికి కూడా 4 మాత్రలే. అక్కడ చెవిని నమ్మాలి. సొంత–కొంత ఒకే అచ్చుతో మోగుతాయి, స్వంత–కొంతలో ఆ మోత పోతుంది. “వారికి” అన్నది మర్యాద కోసం తర్వాతివాళ్ళు చేసిన దిద్దుబాటు. ఆయన మాట “వాడికి”, అందులో అగౌరవం లేదు, పక్కింటి మనిషి చనువుంది.

అచ్చులో నాలుగు పాదాలనూ రెండు పొడవు పంక్తులుగా కుదించకండి. చాలాచోట్ల గోడల మీద ఇదే జరుగుతుంది. నాలుగో పాదం పొట్టిదని కంటికి కనిపిస్తేనే “మనుషులోయ్” దగ్గర రెండు మాత్రల సేపు ఆగాలని నోటికి తెలుస్తుంది. గేయం బరువంతా ఆ ఖాళీలో ఉంది.

అడిగినవారు: ఇదే గేయం మొదటి పాదం “దేశమును ప్రేమించుమన్నా”లో “ను” తర్వాత “ప్రే” వచ్చింది కదా, “ను” గురువు కాదా? అలా లెక్కేస్తే 15 వస్తున్నాయి.

జవాబు: కాదు. తెలుగులో వేరే పదం మొదట ఉన్న సంయుక్తాక్షరం అంతకుముందు పదం చివరి అక్షరాన్ని సాధారణంగా గురువు చెయ్యదు. దేశ 3, మునుప్రే 4, మించు 3, మన్నా 4. సరిగ్గా 14.

మరో జవాబు: వస్తువుల పక్కన పెట్టే చీటీల మాట కూడా చెప్పాలి. “గురజాడ వాడిన” అన్నది ఆధారం ఉన్న వస్తువుకే. లేకపోతే “ఆ కాలపు” అనండి. రెండింటినీ కలిపేస్తే ప్రతి కుర్చీ ఆయనదే అయిపోతుంది. “ఉపయోగించబడిన”, “రచింపబడినది” వద్దే వద్దు. 1914లో వ్యావహారికం, అంటే జనం మాట్లాడే భాష పక్షాన అసమ్మతి పత్రం రాసిన మనిషి ఇంట్లో ఆ వాక్యాలు ఉండకూడదు. “రాశారు” అంటే సరిపోతుంది.

కన్యాశుల్కానికి ఒకే సంవత్సరం వేసి వదిలెయ్యకండి. ప్రదర్శన 1892, అచ్చు 1897, బాగా పెంచి తిరగరాసిన కూర్పు 1909. పిల్లలు చదివేది ఈ మూడోదే.

గదుల పేర్లలో ఇంకో చిక్కు: వంటిల్లు, పడకటిల్లు, నట్టిల్లు అన్నప్పుడు ఇల్లంటే గదే. నడు + ఇల్లు నట్టిల్లు, పడక + ఇల్లు మధ్యలో టకారం వచ్చి పడకటిల్లు. పిల్లలు “ఒక ఇంట్లో మూడు ఇళ్ళా?” అని అడుగుతారు, చెప్పడానికి మంచి అవకాశం.

అడిగినవారు: మార్చాం. ముఖపత్రం: “గురజాడ అప్పారావు గారు నివసించిన ఇల్లు”. లోపల రాయవరం వాక్యం, చివర నాలుగు పాదాల చరణం. వెనక పటం మీద “గురజాడ ఇల్లుకి దారి”.

జవాబు: అంతా బాగుంది, ఆ ఆఖరిదొక్కటి మార్చండి. ఇల్లుకు విభక్తి చేరితే “ఇంటి” అవుతుంది. “గురజాడ ఇంటికి దారి”.