మేత లేక గొర్రెలు ఎదకు రావట్లేదు, దూలగొండి గింజలు పెట్టొచ్చా?

కనిగిరి కుర్రాడు:
అన్నా, మాది నెల్లూరు జోడిపి రకం గొర్రెల మంద. బీళ్లు మాడిపోయి పొద్దంతా తిప్పినా కడుపు నిండట్లేదు, డొక్కలు లోపలికి పోయాయి, పొట్టేలు వాసన చూసి వదిలేస్తోంది. దూలగొండిలో ఎల్-డోపా ఉంటుంది, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి హార్మోన్లు పెరుగుతాయి, పెట్టమని ఒకాయన చెప్పాడు. నేను చదివింది జువాలజీయే, ఎల్-డోపా నుంచి డోపమైన్ అనే మెదడు రసాయనం తయారవుతుందని తెలుసు, మరి పస్తులున్న జీవానికి అదేం చేస్తుంది?

వెటర్నరీ అన్న:
ఆ గింజలు పక్కన పెట్టు తమ్ముడూ. డోపమైన్ నేరుగా మెదడులోకి దాటలేదు, ఎల్-డోపా దాటి అక్కడ డోపమైన్‌గా మారుతుంది, నిజమే. కానీ పిట్యూటరీ మీద దాని పని ప్రధానంగా పాల హార్మోన్ ప్రొలాక్టిన్‌ను అణచడం. నీకు కావాల్సింది అండం విడుదలకు పనికొచ్చే పిట్యూటరీ హార్మోన్ ఎల్‌హెచ్. తిండి తగ్గితే మెదడులోని హైపోథాలమస్ అనే భాగం, పిట్యూటరీకి కబురు చెప్పే జీఎన్ఆర్‌హెచ్‌ను విడతలుగా వదలడం తగ్గిస్తుంది, దాంతో ఎల్‌హెచ్ కూడా తగ్గుతుంది. పిట్యూటరీలో సరుకుంటుంది, వదలమనే కబురే రాదు. అర్ధాకలితో పెరిగిన ఆడ గొర్రెపిల్లలకు జీఎన్ఆర్‌హెచ్‌ను విడతలుగా ఎక్కిస్తే ఎల్‌హెచ్ మళ్లీ వస్తుంది, అదే రుజువు.

ఒంగోలు ల్యాబ్:
ఎలుకల పేపర్లు చదివి గొర్రెకు అన్వయించొద్దు. 3 రోజులు పస్తుంచితే ఎలుకలో గ్రోత్ హార్మోన్ పడిపోతుంది, గొర్రెలో, మనిషిలో మాత్రం పెరుగుతుంది. పెరిగినా కాలేయం దాని మాట వినదు, ఎదుగుదలకు పనికొచ్చే ఐజీఎఫ్-1 అనే హార్మోన్ తగ్గిపోతుంది, జీవం ఎదగదు, ఒంట్లో కొవ్వు కరిగించుకుని రోజులు నెట్టుకొస్తుంది, అంతే. ఆ కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోన్ కూడా పస్తులో తగ్గుతుంది. 1996లో పస్తులున్న చిట్టెలుకలకు లెప్టిన్ ఇచ్చి చూస్తే హార్మోన్ల మార్పులు చాలావరకు తగ్గాయి, కానీ అదీ చిట్టెలుకల్లోనే.

దర్శి పెదనాన్న:
ఈ లెక్కలు నాకు తెలియవు అబ్బయా, చేసేది చెప్తా. పొట్టేలును వదలడానికి 2, 3 వారాల ముందు నుంచి తవుడు, మొక్కజొన్న నూక, వేరుశనగ చెక్క కలిపి గొర్రెకు రోజుకు 200 నుంచి 300 గ్రాములు పెట్టు. మొదటి రోజే అంతా పొయ్యొద్దు, నూక ఎక్కువై గొర్రెలు జబ్బుపడిపోతాయి, కొంచెం కొంచెంగా పెంచు. బక్కచిక్కిన వాటికే ఇది బాగా పనిచేస్తుంది, బలిసిన వాటికి దండగ.

కనిగిరి కుర్రాడు:
సుబాబుల్ ఆకు మా దగ్గర బోలెడు, దాంతోనే సరిపెట్టొచ్చా పెదనాన్నా?

వెటర్నరీ అన్న:
పెద్దాయన బదులు నేను చెప్తా. మేతలో కొంత భాగంగా సరే. అదొక్కటే పెడితే అందులోని మిమోసిన్ అనే విషపదార్థం వల్ల థైరాయిడ్ దెబ్బతింటుంది, బొచ్చు రాలుతుంది. చొప్పలో కలిపి వెయ్యి.