గసగసాలు మిక్సీలో నలగట్లేదు, నిలవ పెడితే చేదెక్కుతున్నాయి

కుర్మాగిన్నె:
పది నిమిషాలు నానబెట్టి మిక్సీ పట్టినా గసగసాలు పలుకులుగానే ఉంటున్నాయి. నీళ్లు ఎక్కువ పోస్తే గింజలన్నీ జారు గోడలకి అతుక్కుంటున్నాయి. పైగా పావుకిలో కొని స్టవ్ పక్క అరలో పెడితే మూడు నెలలకే చేదెక్కాయి. ఎలా నూరాలి, ఎలా దాచాలి? దుబాయ్‌లో ఉన్న అక్కకి కాసిని పంపొచ్చా?

రోలూపొత్రం:
గింజ మిల్లీమీటరు ఉంటుందేమో, అంతే. బ్లేడు కింద సందులో చేరి తిరుగుతుందే గాని నలగదు. చన్నీళ్లలో పది నిమిషాలు చాలవు. రెండు టేబుల్‌స్పూన్ల గసాలకి అవి మునిగేలా బాగా కాగిన నీళ్లు పోసి అరగంట మూత పెట్టండి. తర్వాత టీ వడపోసే జల్లెడలో నీళ్లన్నీ వంపేసి, చట్నీ జారులో ముందు నీళ్లు లేకుండానే రెండు మూడు సార్లు తిప్పి ఆపండి. గోడలకి అంటినది గరిటెతో కిందికి తోసి, అప్పుడు చెంచాడు చెంచాడుగా నీళ్లు పోస్తూ రుబ్బండి. మొదటే నీళ్లు పోస్తే గింజ తేలిపోయి బ్లేడుకి దొరకదు, మీకు జరుగుతున్నది అదే. ఒక్క చెంచా గసాలే వేస్తే ఏ మిక్సీ అయినా చేతులెత్తేస్తుంది. నాలుగు జీడిపప్పులో, రెండు చెంచాల కొబ్బరో తోడు వెయ్యండి. వేళ్ల మధ్య రాస్తే గరగర తగలకూడదు.

అరకిలో మాంసానికి రెండు టీస్పూన్లు చాలు. ముక్క ఉడికాక వేసి, సన్న సెగ మీద పది నిమిషాలు కలుపుతూ ఉంచండి. ముందే వేస్తే అడుగంటుతుంది.

పోపులడబ్బా:
పై జవాబుకి ఒక చేర్పు. తెల్ల కుర్మాకైతే వేయించకుండానే నానబెట్టాలి, లేకపోతే రంగు మారుతుంది. మసాలా పొడికి మాత్రం వేయించక తప్పదు. ఉత్తి మూకుడు, సన్న సెగ, రెండు నిమిషాలు. రంగు కొంచెం మారి కమ్మటి వాసన రాగానే వేరే పళ్లెంలోకి తీసెయ్యండి, మూకుడు వేడికే మాడిపోతాయి. మాడితే చేదే, దాన్ని ఏ బెల్లమూ కప్పదు. వేడి మీదే మిక్సీ పడితే నూనె వదిలి ముద్ద కడుతుంది. పూర్తిగా చల్లారాక, ఆపి ఆపి తిప్పండి.

ఇక నిలవ. బరువులో సగానికి దగ్గరగా నూనే ఉంటుంది, అదీ గాలికి, వేడికి త్వరగా పాడయ్యే రకం. అందుకే స్టవ్ పక్కన పెడితే చేదు. యాభై, వంద గ్రాములకి మించి కొనొద్దు. గాజు సీసాలో గట్టిగా మూత పెట్టి ఫ్రీజర్‌లో ఉంచితే ఆరు నెలలు నిక్షేపంలా ఉంటాయి. సీసా బయట పెట్టి మరిచిపోతే లోపల చెమ్మ పడుతుంది, కావలసినంత తీసి వెంటనే లోపల పెట్టెయ్యండి. వేయించినవి, పొడి కొట్టినవి ఇంకా తొందరగా పాడవుతాయి, వారానికి సరిపడా చేసుకుంటే చాలు. నమిలి చూస్తే కమ్మగా ఉండాలి. పాత నూనె వాసన వస్తే పారెయ్యండి, వేయించినా బాగుపడవు.

దుబాయ్‌కి పంపొద్దు. అక్కడ నిషేధం, సింగపూర్‌లోనూ అంతే. గసాలు కలిసిన మసాలా పొడి అయినా సరే. మీ అక్కని జీడిపప్పుతోనో పుచ్చగింజల పప్పుతోనో చేసుకోమనండి, చిక్కదనం సరిపోతుంది, గసాల కమ్మదనం మాత్రం రాదు.

కుర్మాగిన్నె:
చాలా బావుందండీ. కొన్నిసార్లు పంటికి ఇసక తగులుతోంది, అది నూరడంలో లోపమా?

రోలూపొత్రం:
కాదండీ, నిజంగా ఇసకే. బియ్యం గాలించినట్టు గాలించండి: నిండా నీళ్లు పోసి గిన్నె తిప్పుతూ, తేలుతున్న గసాలని పలచటి గుడ్డలోకి వంపండి, అడుగున మిగిలింది వదిలెయ్యండి. వేయించేవైతే గుడ్డ మీద నీడన పూర్తిగా ఆరనివ్వండి.