పురుడు రోజు వీడియో: కెమెరా లేబర్ రూమ్‌లోకి రావచ్చా, గుమ్మం దగ్గరే ఆగాలా?

రాబోయే_నాన్న: మా ఆవిడకి వచ్చే నెల డెలివరీ. మొదటి కాన్పు, ఆమె పుట్టింటి వైపే, ఆసుపత్రిలో. ఆ రోజంతా వీడియో తీసి దాచుకోవాలని ఉంది. లోపల కూడా తీయవచ్చా? ఫోన్ సరిపోతుందా?

క్లిక్_భాస్కర్: ఫోన్ సరిపోతుంది, సెట్టింగులు మాత్రం ముందురోజే మార్చుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్. సెకనుకి 30 ఫ్రేములు (బొమ్మలు), 1/60 షట్టర్‌తో (ఒక్కో బొమ్మకి సెకనులో 60వ వంతు వెలుతురు) తీస్తే కొన్ని ఎల్‌ఈడీ లైట్ల కింద బొమ్మ మీద చారలు పాకుతుంటాయి. 25 ఫ్రేములు, 1/50 షట్టర్ పెట్టండి. ఐఫోన్ కెమెరా సెట్టింగుల్లో పాల్ (25 ఫ్రేముల పద్ధతి) ఫార్మాట్లు చూపించే స్విచ్ ఆన్ చేస్తేనే 25 కనిపిస్తుంది. 4కే అక్కర్లేదు. ఐఫోన్‌లో 30 ఫ్రేముల్లో నిమిషానికి 170 ఎంబీ దాకా తింటుంది, 1080 అయితే 60 ఎంబీతో పోతుంది. ఆసుపత్రి ఆకుపచ్చ గుడ్డలు ఫ్రేమ్ నిండా వస్తే ఆటో కలర్ తేడా కొట్టి బిడ్డ ఒళ్లు గులాబీ రంగుకి తిరుగుతుంది, అందుకని వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) లాక్ చేయాలి. వార్మర్ (బిడ్డని వెచ్చగా ఉంచే యంత్రం) లైటు కింద మొహం మరీ తెల్లగా అయిపోయి కనపడదు. మొహం మీద వేలు నొక్కి పట్టి లాక్ చేసి, వెలుతురు కాస్త కిందికి లాగండి. ఫ్లాష్, ఫోకస్ లైటు, బీప్ శబ్దం మూడూ ఆపేయాలి.

లేబర్‌రూమ్_సిస్టర్: ఇన్ని చెప్పి నిలబడే చోటు చెప్పలేదు భాస్కర్ గారూ. తల్లి తల వైపు, భుజం పక్కన నిలబడాలి. కాళ్ల వైపుకి రాకూడదు. స్టెరైల్ (క్రిములు లేకుండా చేసిన) గుడ్డలకీ, ట్రాలీకీ కనీసం అడుగు దూరం. ట్రైపాడ్ తేవద్దు, ఎవరో ఒకరి కాలికి తగులుతుంది. బిడ్డ రాగానే తల్లి పొట్ట మీద వేసి తుడుస్తాం, తడి టవల్ తీసేసి పొడిది కప్పుతాం, కనీసం ఒక నిమిషం ఆగి బొడ్డుతాడుకి క్లాంప్ (బిగించే క్లిప్పు) వేస్తాం. సరిగ్గా అప్పుడే "సిస్టర్, మొహం కనపడట్లేదు, టవల్ కొంచెం తీయండి" అంటారు. తడి ఒంటితో ఉన్న పసిబిడ్డ నిమిషాల్లో చల్లబడిపోతుంది. నా మాట అడిగితే కెమెరా గుమ్మం దగ్గరే ఆగాలి.

లగ్నం_చూస్తా: వీడియో వల్ల అసలు లాభం జాతకానికి పుట్టిన టైమ్ తెలియడం. గోడ గడియారాన్ని నమ్మలేం, ఫోన్ టైమ్ నెట్‌వర్క్ నుంచి వస్తుంది. లగ్న నవాంశ (లగ్నంలో తొమ్మిదో వంతు) సుమారు 13 నిమిషాలకే మారిపోతుంది. శిరోదయమా (తల కనపడిన క్షణం), భూపతనమా (బిడ్డ పూర్తిగా బయటపడిన క్షణం) అన్నది వీడియోలో తేలిపోతుంది.

లేబర్‌రూమ్_సిస్టర్: ఒళ్లు మొత్తం బయటికి వచ్చిన క్షణాన్నే పుట్టిన టైమ్‌గా రాస్తాం. దానికి వీడియో అక్కర్లేదు.

లగ్నం_చూస్తా: శిరోదయం అనే మా పద్ధతికి అక్కర ఉంది మేడమ్.

కోటి_హైదరాబాద్: లోపల వీడియో తీయడం పీసీపీఎన్‌డీటీ చట్టం కింద నేరం. బోర్డు కూడా ఉంటుంది.

నల్లకోటు: కాదండీ. 1994 నాటి ఆ చట్టం కడుపులో బిడ్డ ఆడా మగా అని చెప్పడం గురించి. ఆ బోర్డు ఉండేది స్కానింగ్ గదిలో. లేబర్ రూమ్‌లో చూడాల్సింది ఐటీ చట్టంలోని 66ఈ సెక్షన్. ఒప్పుకోలు లేకుండా మనిషి రహస్యాంగాలను ఫొటో, వీడియో తీసినా, పంపినా మూడేళ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

క్లిక్_భాస్కర్: సిస్టర్ గారూ, టవల్ అనేది సాకు. కెమెరా పట్టుకున్నవాళ్లని దొంగల్లా చూస్తారు మీవాళ్లు. అసలు భయం కేసుల గురించి కాదా?

లేబర్‌రూమ్_సిస్టర్: భయమే, దాచేదేముంది? తల వచ్చి భుజం ఇరుక్కుందనుకోండి. తల్లి మోకాళ్లు ఆమె పొట్ట మీదికి బలంగా మడుస్తాం, ఒకరు పొత్తికడుపు మీద అదుముతారు. చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే. తెలియనివాళ్లు అది వీడియోలో చూస్తే తల్లిని కొడుతున్నారనుకుంటారు, ఆ ముక్క ఒక్కటే కత్తిరించి తిప్పుతారు. పుట్టగానే చేతులు, కాళ్లు నీలంగా ఉండడం మామూలే. దాన్ని చూసి కూడా "బిడ్డకి ఊపిరాడలేదు" అని గొడవకొస్తారు. కెమెరా ఉందని ఒక చేయి అర సెకను తడబడినా నష్టపోయేది బిడ్డే.

క్లిక్_భాస్కర్: అయితే "ఆపండి" అనగానే ఆపాలని ముందే మాట్లాడుకుంటే సరిపోతుంది. పాతికేళ్ల తర్వాత ఇల్లంతా కలిసి చూసుకునే వీడియోని భయంతో వద్దంటారా?

రెండో_కాన్పు: ఇల్లంతా? ఎవరండీ ఆ ఇల్లంతా? ఇంతసేపు ఫ్రేములు, టవళ్లు, నవాంశలు మాట్లాడారు, కంటున్న మనిషి పేరు ఒక్కరూ ఎత్తలేదు. బట్టలు సరిగా లేని స్థితిలో, నొప్పుల్లో అరుస్తున్న మనిషి వీడియో మామగారి టీవీలో నడవాలా? ఫోన్‌లో ఫొటోల బ్యాకప్ ఆన్‌లో ఉండి, ఇంట్లో అందరిదీ ఒకే అకౌంట్ అయితే, ఎవరూ పంపకుండానే అందరి చేతుల్లోకీ వెళ్లిపోతుంది. మనం ఇంటికి చేరేలోపే.

క్లిక్_భాస్కర్: బిడ్డ ఇద్దరిదీ కదమ్మా. తండ్రికి హక్కు లేదా?

రెండో_కాన్పు: బిడ్డ ఇద్దరిదీ, ఒళ్లు ఆమెది. నొప్పులు మొదలయ్యాక అడిగితే ఎవరైనా "సరే" అనేస్తారు, అది ఒప్పుకోలు కాదు. ఎనిమిదో నెలలోనే అడగాలి. ఏం తీయాలి, ఎవరు తీయాలి, ఎవరు చూడాలి, ఈ మూడూ ఆమె చెప్పాలి. సర్కారు ఆసుపత్రిలో ఎక్కువగా తోడుగా ఆడమనిషినే రానిస్తారు కాబట్టి ఫోన్ పట్టేది అక్కో, వదినో అవుతుంది. ఆమెకీ ముందే చెప్పి ఉంచాలి.

క్లిక్_భాస్కర్: తీయడం వరకు తీద్దాం, తర్వాత ఎడిటింగ్‌లో తీసేయవచ్చు.

రెండో_కాన్పు: ఎడిటింగ్ చేసేది ఎవరు? అసలు ఫైలు చూసేది వాళ్లే కదా!

లేబర్‌రూమ్_సిస్టర్: ఇది నేను మొదటే అడగాల్సిన ప్రశ్న. మా దగ్గర కాగితం మీద ఎప్పుడూ భర్త సంతకమే వస్తుంది.

నల్లకోటు: భర్త సంతకం భార్య ఒప్పుకోలుతో సమానం కాదు.

రాబోయే_నాన్న: సరే, ఆమెనే అడుగుతాను. ఒప్పుకుంటే ఫైలు ఎలా దాచాలి?

క్లిక్_భాస్కర్: ఆటో బ్యాకప్ ముందే ఆపండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నాణ్యత పోతుంది. డాక్యుమెంట్‌గా అయితే 2 జీబీ దాకా అలాగే వెళ్తుంది, కానీ దీన్ని పంపకపోవడమే మంచిది. రెండు వేర్వేరు డ్రైవుల్లో కాపీ చేసి, రెండూ తెరిచి చూశాకే ఫోన్‌లోది తీసేయండి. తొలగించినవి దాచే ఫోల్డర్‌ని కూడా ఖాళీ చేయండి, అందులో వారాల తరబడి ఉండిపోతుంది. డ్రైవులు మీ దగ్గరే పెట్టుకోండి.

రెండో_కాన్పు: ఆయన దగ్గర కాదు, ఆమె దగ్గర.