పిలుపు బూరల తయారీకి గేదె కొమ్ము బెంగళూరులో ఎలా సమకూర్చుకోవాలి?

ప్రశ్న (జయనగర్ నుంచి)

అందరికీ నమస్కారం. నేను అంకుడు కర్రను లేత్ మీద తరిణ పట్టి, పక్షుల కూతలను, పశువుల అరుపులను అనుకరించే బూరలు తయారు చేసి, నాటక బృందాలకూ పిల్లల కార్యక్రమాలు నిర్వహించేవారికీ ఇస్తుంటాను. ఊదే మూతిని కొమ్ముతో చేస్తే పెదవికి నునుపుగా ఉండి చాలాకాలం మన్నుతుంది కాబట్టి, మంచి కొమ్ము కోసం వెతుకుతున్నాను. ఈ మధ్య ఒక అమ్మకందారు దుప్పి కొమ్ము ముక్కలు చూపించి, అవి అడవిలో వాటంతట అవే రాలినవి కనుక కొనడానికి ఇబ్బందేమీ లేదన్నాడు. ఆ మాట ఎంతవరకు నమ్మవచ్చు? గేదె కొమ్మే తీసుకోవాలంటే ఏమేం చూసుకోవాలి?

సమాధానం (యశ్వంతపుర నుంచి)

అండీ, ఆ దుప్పి కొమ్ముల జోలికి పోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింక జాతి కొమ్ములు కూడా వన్యప్రాణి శరీర భాగాల లెక్కలోకే వస్తాయి. అడవిలో దొరికిన కొమ్ము ప్రభుత్వ ఆస్తి అవుతుందే తప్ప ఏరుకున్నవాడి సొత్తు కాదు. దుప్పులు, కణుజులు ఏటా కొమ్ములు రాల్చడం నిజమే. దానంతట అది రాలిన కొమ్ముకు మొదట్లో ఉబ్బెత్తుగా, గరుకుగా ఉండే గుండ్రని అంచు కనిపిస్తుంది గానీ, ముక్కలుగా కోసిన తర్వాత అది రాలినదో, చంపిన జంతువుదో ఎవరూ తేల్చి చెప్పలేరు. నెమలి ఈకలకు చట్టంలో మినహాయింపు ఉంది కదా, కొమ్ములకూ ఉంటుందని కొందరు వాదిస్తారు; అది తప్పు. అమెరికాలో వేటగాళ్లు జింక కొమ్ముతో బూరలు చేసే వీడియోలు చూసి, ఇక్కడా అంతేనని అనుకోకూడదు.

సమాధానం (హోసూరు రోడ్డు నుంచి)

పై వారి మాట అక్షరాలా నిజం. పనితనం దృష్ట్యా కూడా ఆ రెండూ ఒకటి కావు. దుప్పి కొమ్ము ఎముక. గేదె కొమ్ము మన గోళ్ల మాదిరిగా కెరాటిన్‌తో ఏర్పడిన తొడుగు, దాని లోపల ఎముక గూటం ఉంటుంది. వేడి నీటిలో మెత్తబడి, వంచితే వంగి, నొక్కితే పలకగా మారే గుణం ఈ తొడుగుకే ఉంది.

ఇక కొనుగోలు సంగతి. కర్ణాటకలో 2020 నాటి పశువధ నిరోధక చట్టం ప్రకారం ఆవులనూ ఎద్దులనూ ఏ వయసులోనూ వధించడానికి వీల్లేదు, గేదెలూ దున్నలూ అయితే 13 ఏళ్లు దాటి ఉండాలి. అందువల్ల అనుమతి ఉన్న కబేళా నుంచి వచ్చిన గేదె కొమ్మునే, రశీదుతో సహా తీసుకోండి. హళ్లికార్ ఎద్దు కొమ్ము ఎంత పొడవుగా, ఎంత అందంగా ఉన్నా, దాని పుట్టుపూర్వోత్తరాలు తెలియకుండా తీసుకోవద్దని నా అభిప్రాయం. పచ్చి కొమ్ముతో అవస్థ పడలేమనుకుంటే, ఉత్తరప్రదేశ్‌లోని సంభల్‌లో ఈ పని పెద్ద ఎత్తున జరుగుతుంది; పలకలుగా, కడ్డీలుగా కోసిన సరుకు కోసం అక్కడ వాకబు చేయవచ్చు. మన శ్రీకాకుళం సరిహద్దును ఆనుకుని ఉన్న పర్లాకిమిడిలో దువ్వెనలు, పక్షుల బొమ్మలు చేసే కొమ్ము పనివారు ఉన్నారు. తెలుగు నడిచే ఊరు కాబట్టి మీకు కావలసిన కొలతలు విడమరచి చెప్పుకోవచ్చు.

జాతిని బట్టి కూడా కొమ్ము మారుతుంది. ముర్రా గేదె కొమ్ము బిగుతుగా చుట్టుకుపోతుంది కాబట్టి మీ మూతులకు తిన్నని ముక్క దొరకడం కష్టం. పండరిపురి గేదెల కొమ్ములు భుజాలు దాటేంత పొడవు; దొరికితే వాటినే ఎంచుకోండి.

సమాధానం (యలహంక నుంచి, పశువైద్యుడిని)

ఒక ముఖ్యమైన విషయం ఎవరూ ప్రస్తావించలేదు. ఊళ్లో చనిపోయి పడి ఉన్న పశువు కొమ్మును ఉచితంగా ఇస్తామన్నా తీసుకోవద్దు. అది దొమ్మ రోగంతో, అంటే ఆంత్రాక్స్‌తో చనిపోయి ఉంటే, ఆ బ్యాక్టీరియా బీజాలు ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. కుండలో కాసేపు ఉడికించినంత మాత్రాన అవి చస్తాయని భరోసా లేదు. కొమ్మును రాకేటప్పుడు లేచే పొడి ఊపిరితిత్తుల్లోకి పోవడమే అన్నిటికంటే ప్రమాదకరం. వధకు ముందు పశువైద్యుడు పరీక్షించిన పశువు కొమ్మునే వాడండి, లేత్ దగ్గర మంచి మాస్కు తప్పనిసరిగా పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. దుప్పి కొమ్ములు వద్దని ఆ అమ్మకందారుకు చెప్పేశాను. చివరగా ఒక సందేహం: కొమ్ముకు ఊదే రంధ్రం ఎక్కడి నుంచి వేయాలి?

సమాధానం (హోసూరు రోడ్డు నుంచి)

కొమ్ము మొదలు బోలుగా, కొన గట్టిగా ఉంటుంది. గట్టి తీగను మొదలు వైపు నుంచి ఆగేవరకు లోపలికి పోనిచ్చి, అదే పొడవును బయట కొలిచి గుర్తు పెట్టుకోండి. కొన నుంచి ఆ గుర్తు దాకానే డ్రిల్ చేయాల్సి ఉంటుంది. వేగం తక్కువగా ఉంచి, బిట్‌ను మాటిమాటికీ బయటికి తీసి నీళ్లలో చల్లార్చండి. వెంట్రుక కాలిన వాసన వచ్చిందంటే కొమ్ము మాడుతున్నట్టే, వెంటనే ఆపేయండి. కర్రలో బిగించేటప్పుడు కాస్త వదులు ఉంచండి, ఎందుకంటే ఊపిరి తడికి కొమ్ము కూడా కొద్దిగా ఉబ్బుతుంది. మిగిలిన ముక్కలను పురుగు తినకుండా మూత గట్టిగా పట్టే డబ్బాలో దాచుకోండి.