2-హెక్సనోన్ వర్ణపటంలో 58 శిఖరం ఎక్కడిది?

ప్రశ్న: 70 ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద తీసిన 2-హెక్సనోన్ (అణుభారం 100) ద్రవ్యరాశి వర్ణపటంలో (అణువు అయానుగా మారి విరిగిన ముక్కలను ద్రవ్యరాశి వారీగా శిఖరాలుగా చూపే పటం) 43 శిఖరం కార్బొనిల్ (C=O) పక్క బంధం తెగడం వల్ల ఏర్పడిన ఎసైల్ అయానుదని (CH3CO+) గ్రహించాను. మరి 58 ఏ బంధం తెగితే వస్తుంది?

సమాధానం: ఒక్క బంధం తెగితే రాదు. నైట్రోజన్ లేని అణువులో సరిసంఖ్య గల శకలం కనిపిస్తే, తటస్థ అణువొకటి విడిపోయిందని సాధారణంగా అనుమానించాలి. కార్బొనిల్ పక్కనుంచి వరుసగా కార్బన్లను ఆల్ఫా, బీటా, గామా అంటారు. ఇక్కడ గామా కార్బన్ మీది హైడ్రోజన్, ఆరు సభ్యుల వలయంవంటి స్థితి గుండా ఆక్సిజన్‌కు చేరగా, ఆల్ఫా-బీటా బంధం తెగి ప్రొపీన్ (42) వెళ్లిపోతుంది. మిగిలేది అసిటోన్ ఈనాల్ (C=C మీద OH ఉన్న రూపం) రాడికల్ కాటయాన్, అంటే జత లేని ఎలక్ట్రాన్ గల ధనాయాను. దీనినే మెక్‌లాఫర్టీ పునర్విన్యాసం అంటారు.

మరొకరు: పై వివరణ సరైనదే. 3-మిథైల్-2-పెంటనోన్ కూడా చూడండి: అణుభారం అదే 100 అయినా, ఇథిలీన్ (28) పోయి 72 వస్తుంది. ఐసోమర్లను (ఒకే అణుసూత్రం, వేర్వేరు నిర్మాణం గలవాటిని) వేరుచేయడానికి నేను ముందుగా చూసేది ఈ శిఖరాన్నే.

ప్రశ్నించినవారు: అయితే గామా హైడ్రోజన్ లేని 2-బ్యూటనోన్‌లో ఈ మార్గమే ఉండదన్నమాట. కృతజ్ఞతలు.