వెనీలా పెరుగు ఇంట్లో చేస్తే నీళ్ళు తేలతా ఉండాది, క్రీములాగా చిక్కగా రావాలంటే ఎట్టా?

ప్రశ్న, కావలి నుంచి:
అందరికీ నమస్తే. మా పిల్లలిద్దరికీ సూపర్‌మార్కెట్‌లో దొరికే చిన్న కప్పు వెనీలా పెరుగు బాగా అలవాటైపోయింది, ఖర్చు సంగతి అట్టా పెడితే ఆ కప్పు వెనకాల చక్కెర ఎంతుందో చదివినాక ఇంట్లోనే చేసిపెడదామనిపించింది. లీటరు టోన్డ్ పాల ప్యాకెట్ కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడే చక్కెర, ఒక స్పూను వెనీలా ఎసెన్స్ కలిపి రాత్రి తోడేసి పడుకున్నా. పొద్దున చూస్తే పైన పచ్చగా నీళ్ళు తేలుండాయి, కింద పెరుగు రవ్వరవ్వగా, పుల్లగా, ఎసెన్స్ వాసన ఘాటుగా వచ్చి చివర్లో చేదు కూడా తగల్తా ఉండాది. మామూలు పెరుగు మా ఇంట్లో బాగానే తోడుకుంటాది, దీనికే ఎందుకిట్టా అయింది? మిషన్లు కొనేంత ఉద్దేశం లేదు, ఇంట్లో గిన్నెలతోనే అయ్యే పద్ధతి ఎవరన్నా వివరంగా చెప్పండి.

జవాబు, ఒంగోలు నుంచి:
అమ్మా, మా ఇంట్లో ఇది వారం వారం చేసేదే, అందుకని కొంచెం పెద్దగానే రాస్తన్నా, ఓపిగ్గా చదువు.

ముందు పాలు. టోన్డ్ ప్యాకెట్‌లో వెన్న 3 శాతమే, ఫుల్ క్రీమ్ ప్యాకెట్‌లో 6 శాతం. పాలాయన దగ్గర నీళ్ళు కలపని బర్రె పాలు దొరికితే అంతకన్నా మేలు లేదు, వాటిలో 6, 7 శాతం దాకా ఉంటది, మాంసకృత్తులు కూడా ఆవుపాల కంటే ఎక్కువ. నాలుక మీద వెన్నలాగా జారేది కొవ్వు వల్ల, గిన్నె వంచినా కదలకుండా గడ్డగా నిలబడేది మాంసకృత్తుల వల్ల, నీకు రెండూ కావాలి కాబట్టి టోన్డ్ పాలు ఈ పనికి పనికిరావు, వాటిని కాఫీకి వాడుకో.

రెండోది కాచడం. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది, చాలామంది పట్టించుకోనిదీ ఇదే. మనం పాలు ఒక పొంగు రాగానే స్టవ్ కట్టేస్తాం, రోజూ అన్నంలోకి పెరుగుకి అది చాలు. ఈ పెరుగుకి మాత్రం పొంగు వచ్చినాక సిమ్‌లో పెట్టి, గరిటెతో అడుగు తగలకుండా కలుపుతా 15, 20 నిమిషాలు ఉంచాలి. పాలల్లో కేసీన్ కాకుండా ఇంకో రకం మాంసకృత్తులు ఉంటాయి, మామూలుగా అయితే అవి పెరుగు తేటలోకి పోతాయి. 85 డిగ్రీలకి పైన కాసేపు ఉంచితే అవి విప్పుకుని కేసీన్‌కి అతుక్కుంటాయి, అప్పుడు అల్లిక బిగువుగా వచ్చి నీళ్ళని లోపలే పట్టి ఉంచుద్ది. దాంతోపాటు పాలు కూడా కాస్త ఇగిరి చిక్కబడతాయి. అందుకే నీళ్ళు తేలుతున్నాయంటే నేను ముందు అడిగేది ఎంతసేపు కాచావనే.

కాచేటప్పుడు కట్టే మీగడ తీసి వేరే గిన్నెలో పెట్టుకో, నెయ్యికి పనికొస్తది. మీగడ పెరుగంటే నాకూ ప్రాణమే కానీ ఇందులో అది ఉంటే నోట్లో పేలికల్లాగా తగిలి నున్నదనం పోద్ది.

బర్రె పాలు దొరక్కపోతే ఫుల్ క్రీమ్ ప్యాకెట్‌కి లీటరుకి 3 పెద్ద స్పూన్ల పాలపొడి కలుపు. పొడిని ముందు ఒక గ్లాసు చల్లటి పాలల్లో ఉండల్లేకుండా కరిగించి, కాచే ముందే పోసెయ్. అంతకంటే ఎక్కువ వేస్తే సున్నం నాకినట్టు ఉంటది, పొదుపుగానే వాడు.

జవాబు, నెల్లూరు నుంచి:
అక్క చెప్పింది కరెక్ట్. నేను తోడు దగ్గర నుంచి చెప్తా, ఎందుకంటే మన నెల్లూరు ఎండలకి అక్కడే చెడిపోతాది.

పాలు 43, 45 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు తోడేయాలి. థర్మామీటర్ లేకపోతే శుభ్రంగా కడిగిన చిటికెన వేలు ముంచి నిదానంగా పది లెక్కపెట్టు, వేడి తెలియాలి కానీ వేలు వెనక్కి లాక్కోకూడదు. వేడి ఎక్కువుంటే తోడులోని సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, చల్లారిపోతే నిదానంగా తోడుకుని తీగలు సాగుతాది. మే నెలలో మూత పెట్టిన గిన్నె గంటయినా చల్లారదు, అందుకని నీళ్ళ బేసిన్‌లో గిన్నె పెట్టి కలుపుతా ఉంటే తొందరగా దిగుతాది.

తోడు లీటరుకి రెండు చిన్న స్పూన్లు, అంతే. ఎక్కువేస్తే గట్టిగా వస్తాదని మనోళ్ళలో ఒక నమ్మకం ఉండాది, జరిగేది దానికి రివర్సు, త్వరత్వరగా పులిసిపోయి రవ్వరవ్వగా విడిపోతాది. తోడు పెరుగు నిన్నటిదై ఉండాలి, పుల్లటిది వద్దు. దాన్ని ముందు ఒక కప్పులో స్పూనుతో నున్నగా చేసి, కొంచెం గోరువెచ్చటి పాలు పోసి కలిపి, అప్పుడు గిన్నెలో పోసి ఒక్కసారి అడుగు నుంచి కలిపి వదిలెయ్, మళ్ళీ కదిలించొద్దు.

ఇంక టైము. నువ్వు రాత్రి తోడేసి పడుకున్నావు చూడు, నీ పెరుగు పులిసిందీ నీళ్ళు వదిలిందీ అందుకే. ఎండాకాలంలో మన ఇళ్ళల్లో రాత్రి పూట కూడా వంటగది వేడి దిగదు, 4, 5 గంటల్లోనే తోడుకుంటాది, ఆ పైన ఉన్న ప్రతి గంటా పులుపు పెరిగి, గడ్డ ముడుచుకుని నీళ్ళని బయటికి తోసేస్తాది. అందుకని పొద్దున్నే తోడేసి, నాలుగు గంటల తర్వాత నుంచి గిన్నెని కొంచెం వంచి చూడు, అంచు నుంచి గడ్డగా కదిలితే వెంటనే ఫ్రిజ్‌లోకి. సంక్రాంతి రోజుల్లో అయితే 7, 8 గంటలు పడతాది, అప్పుడు హాట్‌ప్యాక్‌లో పెట్టి టవల్ చుట్టు.

ప్రశ్న, కావలి నుంచి:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. నేను ఒక పొంగు రాగానే దించేశా, టైము సంగతి అసలు ఆలోచించలా. మరి వెనీలా ఎప్పుడు వేయాలి, చక్కెర ఎప్పుడు వేయాలి? మా పక్కింటామె కార్న్‌ఫ్లోర్ కలిపి కాచమంటుంది, అట్టా చేయొచ్చా?

జవాబు, మార్కాపురం నుంచి:
కార్న్‌ఫ్లోర్ కొంచెం వేస్తే తప్పేంది? మా ఇంట్లో కస్టర్డ్ పౌడర్ ఒక స్పూను వేసి కాస్తాం, చిక్కగానే వస్తది, వెనీలా వాసన కూడా అందులోనే వచ్చేస్తది, పిల్లలు తినేస్తారు.

జవాబు, ఒంగోలు నుంచి:
అన్నా, తినడానికి ఇబ్బందేం లేదు, కాకపోతే ఆ చిక్కదనం పిండిది, పాలది కాదు. పిండి పట్టిన పెరుగు నోట్లో అంటుకుంటది, ఫ్రిజ్‌లో రెండో రోజుకి కింద జావ, పైన నీళ్ళు. మంచి పాలు 20 నిమిషాలు కాస్తే వచ్చేదానికి పిండెందుకు అని నా బాధ. కండెన్స్‌డ్ మిల్క్ పోసి చేసేవాళ్ళూ ఉన్నారు, బాగుంటది, కానీ అది బెంగాలీ వాళ్ళ తీపి పెరుగు, మిష్టి దోయి దారిలోకి పోద్ది, ఈ అమ్మాయి అడిగింది అది కాదు.

నిజంగా క్రీములాగా రావాలంటే వడకట్టాలి, పిండి కాదు. తోడుకున్న పెరుగుని కనీసం 3, 4 గంటలు ఫ్రిజ్‌లో చల్లబరచు. తర్వాత పల్చటి పాత పంచె గుడ్డ ఉతికి వేడినీళ్ళల్లో మరగబెట్టి పిండి, జల్లెడలో పరిచి, కింద గిన్నె పెట్టి, పెరుగుని గరిటెతో పెద్ద పెద్ద గడ్డలుగా తీసి అందులో జారవిడువు. గుడ్డ అంచులు పైన కప్పేసి మొత్తం ఫ్రిజ్‌లోనే పెట్టు, బయట కొక్కేనికి వేలాడదీస్తే మన ఎండకి వడిసేలోపే పులిసిపోద్ది. రెండు మూడు గంటల తర్వాత చూస్తే గుడ్డకి ఆనుకున్న వైపు పెరుగు మందంగా, వెన్నముద్దలాగా గుడ్డ నుంచి ఊడొస్తా ఉంటది, నేత గళ్ళు దాని మీద అచ్చు పడతాయి, ఆ అచ్చు చెదరకుండా నిలబడిందంటే చాలు, తీసేయొచ్చు. లీటరు పాలకి సగానికి పైనే మిగుల్తది. ఇంకా ఎక్కువసేపు ఉంచితే జున్నులాగా గట్టిపడి పొడిబారుద్ది, అప్పుడు ఆ తేటనే రెండు స్పూన్లు కలిపి సర్దుకోవచ్చు. తేట పారబోయబాకు, చపాతీ పిండి దాంతో కలిపితే మెత్తగా వస్తాయి, మజ్జిగచారులో కూడా పోసుకోవచ్చు.

ఇప్పుడు వెనీలా. ఎసెన్స్ అనేది వాసన, వేడి పాలల్లో వేస్తే సగం ఆవిరై ఇల్లంతా వస్తది, గిన్నెలో మిగిలేది చేదు. అందుకని వడకట్టడం అయినాకే వేయాలి. అర కిలో పెరుగుకి అర చిన్న స్పూను చాలు, ముందు అందులో సగమే వేసి కలిపి రుచి చూడు, చల్లటి పదార్థంలో వాసన బయటికి రావడానికి ఒక అరగంట పడుద్ది, తొందరపడి ఇంకా పోయొద్దు.

అసలు వెనీలా కాయ దొరికితే పద్ధతి వేరు. కాయని నిలువునా చీల్చి, కత్తి వెనకతట్టుతో లోపలి నల్లటి గింజల జిగురు గీకి, కాయతో సహా కాగే పాలల్లోనే వేసి, తోడేసే ముందు కాయ తీసెయ్యాలి. కర్ణాటక, కేరళలో పండిస్తారు, పూలకి ఒక్కోదానికీ చేత్తో పరాగం అంటించాలి, కోసినాక నెలల తరబడి ఆరబెట్టి మగ్గబెట్టాలి, అందుకే ఆ ధర. రోజూ చేసేదానికి ఎసెన్సే నయం.

చక్కెర మాత్రం మిక్సీలో మెత్తగా పొడి చేసుకుని వెనీలాతో పాటే కలుపు, అర కిలోకి 3 పెద్ద స్పూన్లతో మొదలుపెట్టు. పలుకుల చక్కెర వేస్తే కరిగేలోపు పెరుగులో నీళ్ళు లాగి పల్చన చేసుద్ది. కాచేటప్పుడే వేయొచ్చా అంటే లీటరుకి 50 గ్రాముల దాకా పర్లేదు, అంతకు మించితే తోడుకోవడం నిదానమైద్ది. నేనైతే ముందు వేయను, ఎందుకంటే అందులో నుంచి రేపటికి తోడు తీసుకోలేం. ఇది మర్చిపోవద్దు, వెనీలా, చక్కెర కలిపే ముందే రెండు స్పూన్ల చప్పటి పెరుగు తోడుకి పక్కన పెట్టుకో.

కలిపేటప్పుడు చేత్తో, వెడల్పాటి గరిటెతోనే. మిక్సీలో వేసిందంటే పల్చబడి పోద్ది, బర్రె పెరుగైతే వెన్న పూసలు కూడా కడుద్ది.

ప్రశ్న, పొదిలి నుంచి:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా ఇంట్లో మామూలు పెరుగే ఈ మధ్య సరిగ్గా తోడుకోవట్లా. ఒకరోజు బానే ఉంటది, ఒకరోజు పాలు పాలుగానే ఉంటాయి. తోడు మార్చా, గిన్నె మార్చా. పాలు పోసేది ఒకాయనే.

జవాబు, నెల్లూరు నుంచి:
ఒకే తోడు రెండు గిన్నెల్లో వేసి చూడు, ఒకదాంట్లో ప్యాకెట్ పాలు, ఒకదాంట్లో ఆయన పాలు, రెండూ ఒకే వేడి మీద, ఒకే చోట. ప్యాకెట్ పాలు తోడుకుని ఇవి తోడుకోకపోతే తేడా పాలల్లోనే. బర్రెకి పొదుగువాపు వస్తే యాంటీబయాటిక్ ఇంజక్షన్లు వేస్తారు, ఆ మందు కొన్ని రోజులు పాలల్లోకి దిగుతాది, ఆ పాలు తోడుని పనిచేయనీయవు. ఎండాకాలం విరిగిపోకుండా సోడా కలిపినా తోడుకోవడం చెడుతాది. ఆయన్ని పోట్లాటగా కాకుండా, ఏ బర్రెకన్నా ఈ మధ్య మందు పడిందా అని అడుగు, మందు వాడిన బర్రె పాలు డాక్టర్ చెప్పినన్ని రోజులు వేరుగా పెట్టాలనే సంగతి చాలామందికి చెప్పినోళ్ళే లేరు.

ప్రశ్న, కావలి నుంచి:
ఇంకో రెండు అడగాలి. మా చెల్లెలి పాప 11 నెలలది ఇక్కడే ఉండాది, తనకి కూడా ఇది పెట్టొచ్చా, చక్కెర బదులు తేనె వేసి? ఇంకోటి, మామిడిపండు కలపొచ్చా?

జవాబు, ఒంగోలు నుంచి:
అమ్మా, ఏడాది నిండని పిల్లలకి తేనె అసలు పెట్టకూడదు, ఒక్క చుక్క కూడా. తేనెలో ఉండగలిగే ఒక రకం సూక్ష్మజీవి పసిపిల్లల పేగుల్లో విషం పుట్టించుద్ది, బోటులిజం అంటారు, నాకించడం కూడా వద్దు. రెండేళ్ళ లోపు పిల్లలకి చక్కెర కూడా కలపకపోవడమే మంచిది. ఆ పాపకి కలపకముందు తీసిపెట్టిన చప్పటి పెరుగులో మెత్తగా చిదిమిన అరటిపండు కలిపి పెట్టు, హాయిగా తింటది.

మామిడి కలపొచ్చు, ఉలవపాడు కాయలు దిగే సీజన్‌లో మేం చేసేది అదే. కాకపోతే ముందే కలిపి నిలవ పెట్టొద్దు, పండులో రసం వదిలి పెరుగు పల్చనైపోద్ది. బంగినపల్లి ముక్కలు తినే గిన్నెలో అడుగున వేసి పైన పెరుగు వడ్డించు. మామిడి వేసే రోజు చక్కెర సగం తగ్గించు, ఎసెన్స్ అయితే రెండు మూడు చుక్కలు చాలు, లేకపోతే పండు వాసన తొక్కేసుద్ది.

జవాబు, నెల్లూరు నుంచి:
ఒకటి చేర్చనీ. వడకట్టే ఓపిక లేని రోజు మట్టి ముంతలో తోడేసి చూడు. కొత్త ముంతని ఒక రోజంతా నీళ్ళల్లో నానబెట్టి, కడిగి, బాగా ఆరనిచ్చి వాడాలి. మట్టి నీళ్ళని పీల్చుకుని పెరుగు దానంతటదే చిక్కబడతాది, ముంత బయట చెయ్యి పెడితే చెమ్మగా తగల్తాది. గుడ్డలో వడకట్టినంత క్రీముగా రాదు కానీ స్టీలు గిన్నె కంటే ఎంతో మేలు. సబ్బు పెట్టి తోమొద్దు, మట్టి పీల్చుకుంటాది, వేడినీళ్ళు పోసి కొబ్బరిపీచుతో రుద్ది ఎండలో పెట్టు.

ప్రశ్న, కావలి నుంచి:
రేపు పాలాయన్ని బర్రె పాలు రెండు లీటర్లు పోయమని చెప్పా. చేసినాక ఎన్ని రోజులు నిలవుంటాది?

జవాబు, ఒంగోలు నుంచి:
ఫ్రిజ్‌లో గాజు సీసాలోనో స్టీలు డబ్బాలోనో మూత గట్టిగా పెట్టి, తడి స్పూను పెట్టకుండా వాడితే 4, 5 రోజులు. కరెంటు గంటలు గంటలు పోయే రోజుల్లో రెండు రోజుల్లో అవగొట్టండి. మొదటిసారే రెండు లీటర్లు వద్దులే, ఒక లీటరు చేసి పిల్లలకి తీపి ఎంత సరిపోద్దో చూసుకో, రెండో లీటరు మామూలుగా అన్నంలోకి తోడేసుకోండి.