రక్తం లేని డిటెక్టివ్ కథలు కావాలి

మాది మిర్యాలగూడ. రాత్రి మా ఆయన రైస్‌మిల్లు నుంచి వచ్చేదాకా ఏదో ఒకటి చదువుతుంటా. డిటెక్టివ్ నవలలంటే ఇష్టమే గానీ, నరుకుళ్లు ఉంటే నిద్ర పట్టదు. చిన్న ఊరు, వంట వాసనలు, వీలైతే ఒక పిల్లి, చివరికి దొంగ దొరకాలి. ఏ సిరీస్‌తో మొదలుపెట్టను?

జవాబు: అక్కా, అగాథా క్రిస్టీ రాసిన మిస్ మార్పుల్. మొదటి నవల 1930లో వచ్చింది, మొత్తం 12. ఊలు అల్లుకునే ముసలావిడ, ఊరివాళ్ల బుద్ధుల్ని బట్టి హంతకుణ్ణి పట్టేస్తుంది. వరుసగా చదవక్కర్లేదు. పిల్లి సంగతి హామీ ఇవ్వలేను.

జవాబు: క్రిస్మస్ రోజుల్లో జరిగే డిటెక్టివ్ కథలు కూడా చూడండి. మహబూబ్‌నగర్‌ మే ఎండల్లో, కరెంటు పోయినప్పుడు చదివా. అందులో మంచు కురుస్తుంటే కూలర్ గుర్తుకు రాలేదు!

థాంక్స్ తమ్ముడూ. మా అత్తమ్మ కూడా అంతే, అరుగు దిగకుండానే వీధి సంగతులన్నీ చెప్పేస్తుంది. ఊలు ఒక్కటే తక్కువ.